ముందు మ్యాపు కాదు... క్యాలెండరు!

జనవరి 11, 12 తేదీల్లో ఓ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌లో అడుగుపెట్టి చూడండి. విశాఖపట్నం, కాకినాడ, నర్సాపురం... అటువైపు వెళ్లే బండి ఏదైనా సరే, తలుపు దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. సంక్రాంతికి ఊరెళ్లాలని నగరం నగరమంతా ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది. అదే సమయంలో అటునుంచి ఇటు వచ్చే బండిని చూడండి. కాళ్లు చాపుకొని పడుకోవచ్చు. నాలుగు రోజులు ఆగితే అంతా తలకిందులు. కనుమ వెళ్లగానే అటునుంచి వచ్చే బండ్లు కిక్కిరిసిపోతాయి, ఇటునుంచి వెళ్లేవి తేలిగ్గా కదులుతాయి.

మా నాన్న ముప్ఫై ఏళ్లు రైల్వే రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ ఒకటే మాట అంటారు. 'రద్దీ ఊళ్లో ఉండదమ్మా, తేదీలో ఉంటుంది!'

ఆ మాట విలువ నాకు మెట్టుగూడలోని మా ఇంట్లో కాదు, యూరప్‌లో తెలిసింది.

పన్నెండు రోజులు... ఆరు దేశాలు!

2024 వేసవిలో మేం ఐదుగురం యూరప్ వెళ్లాలనుకున్నాం. అమ్మ, నాన్న, నేను, మావారు, మూడో తరగతి చదువుతున్న మా బాబు. నాన్న రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఇందుకోసమే పక్కన పెట్టారు. అమ్మకు అరవై ఆరేళ్లు. మోకాళ్లు అరిగాయని, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పారు. 'ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేను' అని ఆవిడే అంది. ఆవిడ కోరికలు రెండే. ఒకటి మంచును చేత్తో ముట్టుకోవాలి. రెండోది... సినిమా పాటల్లో చూసిన ఆ రంగురంగుల తులిప్ తోటల్లో నడవాలి.

అందరిలాగే మేం కూడా డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచాం. లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, జర్మనీలో ఓ రెండు ఊళ్లు, స్విట్జర్లాండ్, వెనిస్, రోమ్... వేలు పెట్టి గీత గీస్తే ఎంత దగ్గరగా ఉన్నాయో! మే 2న బయలుదేరి 14కల్లా తిరిగొచ్చేయొచ్చని మావారు లెక్క తేల్చారు. అంతా విన్న నాన్న ఒకే ప్రశ్న అడిగారు.

'ఆ పన్నెండు రోజుల్లో వాళ్లకు పండగలేమున్నాయి?'

మా దగ్గర సమాధానం లేదు. మన ఉగాది, దసరా తేదీలు చూసుకోకుండా పక్క ఊరికైనా వెళ్లని వాళ్లం. ఖండాలు దాటి వెళ్తూ వాళ్ల క్యాలెండరు చూడాలని ఎవరికీ తట్టలేదు!

వాళ్లకూ ఓ పంచాంగం ఉంది

ఆ రాత్రే కూర్చుని వెదికాం. యూరప్ సెలవుల గుట్టంతా ఒక్క పండగలో ఉంది... ఈస్టర్. మన పండగల్లాగే అదీ చంద్రుణ్ని బట్టి మారుతుంది. చర్చి లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. దాన్నుంచి లెక్కపెడితే 39వ రోజు గురువారం క్రీస్తు స్వర్గారోహణ పండగ. 50వ రోజు పెంతెకొస్తు సోమవారం. 60వ రోజు, మళ్లీ గురువారమే, కార్పస్ క్రిస్టీ. అంటే ఈస్టర్ తేదీ తెలిస్తే చాలు, వేసవి సెలవుల్లో మనం వెళ్లే నాటికి అక్కడ ఎప్పుడెప్పుడు తలుపులు మూసుంటాయో తెలిసిపోతుంది.

ఇందులోనూ దేశానికో తీరు. స్వర్గారోహణ పండగకు ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, నెదర్లాండ్స్, బెల్జియంలలో సెలవు. ఇటలీ, స్పెయిన్‌లలో లేదు. కార్పస్ క్రిస్టీకి ఆస్ట్రియా అంతటా సెలవు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో మాత్రం కొన్ని రాష్ట్రాలకే. ఇవి చాలవన్నట్టు తేదీ మారని సెలవులు వేరే ఉన్నాయి. ఇటలీకి ఏప్రిల్ 25, జూన్ 2. నెదర్లాండ్స్‌కు ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు. ఫ్రాన్స్‌కు మే 1, మే 8.

గురువారం సెలవొస్తే ఏమవుతుంది? మన ఆఫీసుల్లో ఏమవుతుందో అక్కడా అదే! శుక్రవారం కూడా సెలవు పెట్టేసి నాలుగు రోజులు చుట్టేస్తారు. ఫ్రాన్స్‌లో దీనికో పేరే ఉంది. 'వంతెన' అంటారు. రెండు సెలవుల మధ్య పనిదినం మీద వంతెన వేయడమన్నమాట.

మా తేదీల్ని ఈ పంచాంగం పక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంది. 2024లో ఈస్టర్ మార్చి 31న వచ్చింది. దాంతో స్వర్గారోహణ పండగ మే 9, గురువారం. దాని ముందురోజు మే 8, బుధవారం, రెండో ప్రపంచయుద్ధ విజయదినం. శుక్రవారం వంతెన వేస్తే బుధవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఐదు రోజులు! మేం పారిస్‌లో ఉండాలనుకున్నది సరిగ్గా ఆ ఐదు రోజులే. అంటే జనవరి 12న సికింద్రాబాద్ స్టేషన్‌కు అమ్మను తీసుకెళ్లినట్టే.

ఓటు... తులిప్ పూలు

తేదీలు ఎటు జరపాలా అని చూస్తుండగా మన క్యాలెండరే ఓ దారి చూపించింది. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మే 13న పోలింగ్. 'ఓటెయ్యకుండా నేను విమానం ఎక్కను' అని అమ్మ తేల్చి చెప్పేసింది. బాబు బడి జూన్ 12న తెరుస్తారు. సరే, మే 13న ఓటేసి 14 రాత్రి బయలుదేరదాం అనుకున్నాం. ఫ్రాన్స్ వంతెన అప్పటికి దాటిపోతుంది.

కానీ ఇక్కడే అసలు చిక్కు. తులిప్ పూలకు పేరుపడ్డ కూకెన్‌హాఫ్ తోట నెదర్లాండ్స్‌లో ఏడాదికి ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది. మార్చి మూడో వారంలో మొదలై మే రెండో వారానికల్లా మూతే. ఆ ఏడాది మే 12 ఆఖరు. మన పిల్లల సెలవులు మొదలయ్యేదే ఏప్రిల్ ఆఖర్లో. ఆ దొరికే రెండున్నర వారాల్లోనే రాజుగారి పుట్టినరోజు, మే డే, స్వర్గారోహణ పండగ... అన్నీ వచ్చి పడ్డాయి. మంచు కావాలా, పూలు కావాలా అంటే రెండూ కుదరవని తేలిపోయింది.

అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. నాన్నే చెప్పారు. కాసేపు ఏం మాట్లాడలేదావిడ. తర్వాత 'పూలు మన రైతుబజార్లోనూ ఉంటాయిలే. మంచు ఉండదుగా' అంది. ఆ మాటతో ఆమ్‌స్టర్‌డామ్ ఎగిరిపోయింది. ఆ వెనకే జర్మనీ. లండన్‌కు ఎలాగూ వేరే వీసా కావాలి కాబట్టి అదీ పోయింది. ఒకటీ అరా పూట కోసం వెనిస్ ఎందుకని దాన్నీ కొట్టేశాం. ఆరు దేశాలు కాస్తా మూడయ్యాయి. పారిస్ నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ నాలుగు, రోమ్ మూడు.

ఎన్ని ఊళ్లు చూశాం అని లెక్కపెట్టడం మానేసి, అమ్మ ఎన్ని గంటలు క్యూలో నిలబడాలి అని లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో దానంతటదే తేలిపోయింది.

మంగళవారం మ్యూజియంకు వెళ్లకండి

పండగలు ఒక ఎత్తయితే వారాలు ఇంకో ఎత్తు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆర్సే మ్యూజియానికి, వెర్సాయ్ కోటకు సోమవారం. దాంతో ఏమవుతుంది? సోమవారం ఆ రెండూ మూసి ఉంటాయి కాబట్టి జనమంతా లూవ్ర్‌కు వస్తారు. మంగళవారం లూవ్ర్ మూసి ఉంటుంది కాబట్టి వెర్సాయ్ నిండిపోతుంది. 2024లో లూవ్ర్‌ను 87 లక్షల మంది చూశారు. రోజుకు 30 వేల మందికి మించి రానివ్వకూడదని వాళ్లే పరిమితి పెట్టుకున్నారంటే రద్దీ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోండి.

లూవ్ర్ వారంలో కొన్ని రోజులు రాత్రి దాకా తెరిచి ఉంటుంది. మేం వెళ్లినప్పుడు శుక్రవారం ఉండేది. ఇప్పుడు బుధ, శుక్రవారాలు. పగలంతా గదిలో విశ్రాంతి తీసుకుని మే 17, శుక్రవారం సాయంత్రం వెళ్లాం. టూరిస్టు బస్సులన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. మోనాలిసా దగ్గర జనం లేరని చెప్పను. ఉన్నారు. కానీ మిగతా గదుల్లో గోడ పక్కన బల్లలు ఖాళీగా దొరికాయి. అమ్మ ప్రతి రెండు గదులకోసారి కూర్చుని చూసింది. 'మన సాలార్‌జంగ్‌లో కూడా ఇలా బల్లలుంటే బాగుండు' అందావిడ!

రద్దీకి ఎదురు బండి

మా తేదీల్లోనూ ఒక పండగ ఉంది. మే 20, పెంతెకొస్తు సోమవారం. శని, ఆది, సోమ... మూడు రోజుల సెలవు. తప్పించుకోలేమని తెలిశాక నాన్న సంక్రాంతి సూత్రం తీశారు. 'శుక్రవారం సాయంత్రం, శనివారం పొద్దున పారిస్ వదిలి వెళ్లేవాళ్ల రద్దీ. సోమవారం సాయంత్రం తిరిగొచ్చేవాళ్ల రద్దీ. మనం ఆదివారం మధ్యాహ్నం బయలుదేరదాం' అన్నారు. అలాగే చేశాం. పారిస్ నుంచి బాసెల్, అక్కడ బండి మారి ఇంటర్‌లాకెన్. మా పెట్టెలో చాలా సీట్లు ఖాళీ. ఆయన మొహంలో ఆ ఆనందం చూడాలి... చార్టు తానే తయారుచేసినట్టు!

ఆదివారం, సోమవారం వరసగా పెద్ద దుకాణాలు మూసి ఉంటాయని తెలుసు కాబట్టి పాలు, రొట్టె, పెరుగు శనివారమే పారిస్‌లో కొనేశాం. బియ్యం, పులిహోర పొడి, ఆవకాయ ఎలాగూ మెట్టుగూడ నుంచి వచ్చాయి. సోమవారం స్విట్జర్లాండ్ వాళ్లంతా కొండలెక్కుతుంటే మేం చెరువు గట్టున కూర్చున్నాం. మావారు కాస్త గునిశారు. 'ఇంత డబ్బు పోసి వచ్చి ఓ రోజంతా ఊరికే కూర్చోవడమా?' అని. నాన్న వినలేదు.

మంగళవారం వెళ్లాం, యుంగ్‌ఫ్రౌయోక్‌కు. 3,454 మీటర్ల ఎత్తున, కొండను లోపల్నుంచి తొలిచి వేసిన సొరంగం చివర ఉంది ఆ స్టేషన్. యూరప్‌లో అంతకంటే ఎత్తున ఇంకో రైల్వే స్టేషన్ లేదు. 1896లో పని మొదలుపెడితే 1912లో పూర్తయింది. నాన్న ప్లాట్‌ఫాం మీద దిగి స్టేషన్ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. 1874 నాటి స్టేషన్లో పనిచేసినాయన 1912 నాటి స్టేషన్ను పలకరించడానికి వచ్చినట్టుంది!

బయటికెళ్లే తలుపు దగ్గర తోపులాట లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా నాలుగడుగులు వేసింది. వంగలేదు కదా, మా బాబే పరుగెత్తి గుప్పెడు మంచు తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు. అది కరిగి మోచేతి దాకా కారేదాకా అలాగే పట్టుకుంది. ఆ రెండు నిమిషాలూ వెనక నుంచి ఎవరూ 'జరగండి' అనలేదు. మేం సోమవారాన్ని ఇచ్చి కొనుక్కున్నది ఆ రెండు నిమిషాలనే.

లెక్క తప్పిందిక్కడ

అన్నీ సరిగ్గా జరిగాయంటే మీరు నమ్మరు. నిజంగానే జరగలేదు. రోమ్‌లో కొలోసియం, వాటికన్ మ్యూజియంలు మామూలు రోజుల్లోనే చూసేశాం. సెయింట్ పీటర్స్ చర్చిని తీరిగ్గా చూద్దామని ఆఖరి రోజు, మే 26 ఆదివారానికి అట్టేపెట్టాం. పొద్దున్నే వెళ్తే ఏముంది... చౌకంతా పిల్లలే! టోపీలు, జెండాలు, పాటలు. మొట్టమొదటి ప్రపంచ బాలల దినోత్సవాన్ని వాటికన్ ఆ శని, ఆదివారాల్లోనే పెట్టుకుంది. పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థన ఆ చౌకులోనే. మేం చూసిన సెలవుల జాబితాలో అది లేదు. ఎందుకంటే అది సెలవు కాదుగా!

చర్చి లోపలికి వెళ్లలేకపోయాం. నాన్న మొహం చిన్నబోయింది. 'స్పెషల్ ట్రైను వేశారమ్మా, టైంటేబుల్లో లేదు' అన్నారు. అమ్మ మాత్రం ఓ అరుగు మీద కూర్చుని గంటసేపు ఆ పిల్లల్నే చూసింది. సెలవులే కాదు, మనం వెళ్లే ఊళ్లో ఆ వారం ఏం జరుగుతోందో కూడా చూసుకోవాలని నేను నేర్చుకున్నది అక్కడే.

మీరూ వెళ్లాలనుకుంటే...

* ముందు ఈస్టర్ తేదీ రాసుకోండి. 2027లో అది మార్చి 28. దాని ప్రకారం స్వర్గారోహణ పండగ మే 6, పెంతెకొస్తు సోమవారం మే 17, కార్పస్ క్రిస్టీ మే 27. 2028లో ఈస్టర్ ఏప్రిల్ 16. మిగతావి వరసగా మే 25, జూన్ 5, జూన్ 15.

* మే 1న పారిస్‌లో లూవ్ర్, ఆర్సే, వెర్సాయ్ మూడూ మూతే. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితం. ఉచితమంటే క్యూ ఎంతుంటుందో మనకు చెప్పాలా! జూన్ 29 రోమ్ నగరానికి పండగ.

* వెనిస్‌కు ఓ పూట చూసిపోదామని వెళ్లేవాళ్ల దగ్గర 2024 ఏప్రిల్ 25 నుంచి ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. అన్ని రోజులూ కాదు, రద్దీ రోజుల్లోనే. 2024లో 29 రోజులు, 2025లో 54 రోజులు. ఏ రోజు రుసుముందో ఆ జాబితా ముందే ప్రకటిస్తారు. ఆ రోజులు తప్పించుకుంటే డబ్బు మిగులుతుంది, జనమూ తగ్గుతారు.

* టికెట్లకూ రైల్వే లెక్కే. మన రైళ్లకు 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు రిజర్వేషన్ మొదలవుతోంది కదా, ఈఫిల్ టవర్ లిఫ్టు టికెట్లూ 60 రోజుల ముందే ఇస్తారు. కొలోసియానికి 30 రోజులు. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి.

* షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎక్కువ రోజులుండే దేశానికి దరఖాస్తు పెట్టాలి. మాకు పారిస్, ఇంటర్‌లాకెన్ చెరి నాలుగు రాత్రులు వచ్చాయి. అలా సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి పెట్టాలి. రూటు తేలకుండా వీసాకు వెళ్లొద్దనేది ఇందుకే. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45.

* వేసవి కుదరకపోతే దసరా సెలవులు చూడండి. అక్టోబరు మొదటి రెండు వారాలు యూరప్‌లో చాలాచోట్ల నెమ్మదిగానే ఉంటాయి. జర్మనీలో మాత్రం అక్టోబరు 3 జాతీయ సెలవు. మూడో వారం దాటితే ఫ్రాన్స్ బళ్లకు శరదృతువు సెలవులు మొదలవుతాయి.

ఒక్కసారి కాదు... విడివిడిగా

వచ్చాక నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. ఫ్రాన్స్‌లో బళ్లను మూడు మండలాలుగా విడగొట్టి శీతకాలం, వసంతకాలం సెలవులు వేర్వేరు వారాల్లో ఇస్తారు. జర్మనీలో పదహారు రాష్ట్రాలు వేసవి సెలవుల్ని వంతులవారీగా పంచుకుంటాయి. దేశమంతా ఒకేరోజు రోడ్డెక్కకూడదనే. మనకేమో ఏప్రిల్ ఆఖర్లో అందరి బళ్లూ ఒక్కసారే మూస్తారు, జూన్‌లో ఒక్కసారే తెరుస్తారు. సంక్రాంతిని విడగొట్టలేం సరే... వేసవి సెలవుల్ని జిల్లాకో వారం అటూ ఇటూ జరపలేమా? ఈ మాటంటే నాన్న నవ్వారు. 'అప్పుడు కౌంటర్లో కూర్చున్నవాడికి నిద్ర పడుతుంది' అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో వంటగది గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ఒకటి మన పంచాంగం. రెండోదాని మీద నాన్న చేతిరాతతో వాళ్ల సెలవులు. ఏప్రిల్ నెలలో ఓ మూడు రోజుల చుట్టూ ఎర్ర సిరాతో గీత ఉంది. బడి సెలవులిచ్చాక, రాజుగారి పుట్టినరోజు దాటాక, మే డేకి ముందు. అది ఏమిటని అమ్మను అడిగాను.

'ఏం లేదు, నాన్నే గీశారు' అంది పప్పు తాలింపు పెడుతూ. 'తులిప్ పూలట.'